సారె మూట పద్యము – టీకా తాత్పర్య సహితము

అవతారిక

వ్యాఖ్యానం రాయాలంటే మూలం పాతదై ఉండాలి, కవి కాలం చేసి ఉండాలి. ఇది మన పండితులు తరతరాలుగా పాటిస్తున్న జాగ్రత్త. కవి బతికుంటే "నా ఉద్దేశం అది కాదండీ" అని అడ్డు తగులుతాడు. ఈ పద్యానికి ఆ బెడద లేదు. పద్యమూ నాదే, వ్యాఖ్యా నాదే. ఇలాంటిదాన్ని స్వోపజ్ఞ వ్యాఖ్య అంటారు. కవికీ వ్యాఖ్యాతకూ పేచీ వచ్చిన చోటల్లా ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీ చేశాను. రాజీ కుదరని ఒక్క చోట రెండు అర్థాలూ ఇచ్చాను.

మెదక్ జిల్లా కొల్చారం ఊరి పేరే ఇంటిపేరైన కోలాచల మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు సంజీవని రాసేటప్పుడు ఒక నియమం పెట్టుకున్నాడు: ఆధారం లేనిది రాయకూడదు, అక్కర లేనిది చెప్పకూడదు. అందులో మొదటి సగం నేనూ పాటిస్తాను. రెండో సగానికి పూచీ పడను.

ఇక దేశకాలాలు. దేశం సికింద్రాబాదులోని బన్సీలాల్‌పేట. 17వ శతాబ్దం నాటిదని చెప్పే మెట్లబావి ఉన్నది ఇక్కడే. 1933లో ఆ బావి చుట్టూ ఆదర్శ గ్రామం కట్టించి, విరాళమిచ్చిన సేఠ్ బన్సీలాల్ పేరు పెట్టారు. తరవాత తరవాత బావి చెత్తకుప్పైంది. ఆ చెత్తంతా లారీలకెత్తి, మెట్లు బయటపెట్టి, 2022 డిసెంబరు 5న మళ్ళీ జనానికి తెరిచారు. బావి సంగతి ఈ పద్యానికి ఎందుకూ పనికిరాదు. మల్లినాథుడి రెండో నియమం అప్పుడే తప్పాను.

సందర్భం ఏమంటే, మా మేనల్లుడు ఇంజనీరింగు చదువుతూ మా మేడమీది గదిలో ఉంటాడు. వాడిది పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్న పాత ల్యాప్‌టాప్. సీటీసీ అంటేనే ఊరికి తెలుస్తుంది. విండోస్‌ని మోయలేక అది ఆయాసపడుతుంటే తీసేసి లైనక్స్ పెట్టుకున్నాడు. కింది వాటాలో ఉండే ఆయనకు రాణీగంజ్‌లో బేరింగుల కొట్టు ఉంది. కొట్టులో కంప్యూటరు విండోస్‌ది. ఏ బేరింగులు ఎన్ని ఉన్నాయో, మొత్తం సరుకు విలువ ఎంతో లెక్కగట్టే చిన్న ప్రోగ్రాం ఒకటి రాసిపెట్టమని ఆయన అడిగాడు. సీ భాషలో రాయడం ఒక సాయంత్రం పని. చిక్కల్లా లైనక్స్‌లో కంపైల్ చేసిన ప్రోగ్రాం విండోస్‌లో తెరుచుకోకపోవడమే. లైనక్స్‌లోనే కూర్చుని విండోస్‌లో నడిచే ప్రోగ్రాం తయారుచేయాలంటే క్రాస్ కంపైలర్ కావాలి. దాన్ని మావాడు మా ఇంట ప్రతిష్ఠించడం పక్కన కుర్చీ వేసుకుని చూశాను. తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని. చూసినదాన్ని పద్యం చేయకుండా ఉండలేను. చేసిన పద్యానికి టీక రాయకుండా అసలే ఉండలేను.

మూలము

ఆ.వె. పుట్టినింట వండి పొరుగింటి కంపెడి
సారె గాదె క్రాసు సంకలనము
అచటి కొలత తెలిసి యాచార మెఱిగియుఁ
గట్టకున్న మూట గడపఁ జొరదు

యతులు చూసుకోండి: పు-పొ, సా-సం, అ-యా, గ-గ. "గాదె" తరవాత "క్రాసు" వచ్చింది గనక "దె" గురువు కాదా అని ఛందస్సు పోలీసులు ఆపవచ్చు. ఇక్కడ "క్రా"ను తేల్చి పలకాలి. ఇంగ్లీషు మాట మీద సంస్కృత సూత్రం ప్రయోగించి పద్యాన్ని కేసులో ఇరికించవద్దని మనవి.

ప్రతిపదార్థము

పుట్టిన + ఇంటన్ = ప్రోగ్రాం రాసిన యంత్రంలో, అనగా లైనక్స్ ల్యాప్‌టాప్‌లో; వండి = కంపైల్ చేసి; పొరుగింటికిన్ = విండోస్ నడిచే కంప్యూటరుకు; అంపెడి = పెన్‌డ్రైవులో వేసి పంపే; సారె + కాదె = సారె కదా; క్రాసు సంకలనము = క్రాస్ కంపైలింగు; అచటి కొలత = అక్కడ ఏ రకం అంకె ఎన్ని బైట్లు పడుతుందో; తెలిసి = తెలుసుకుని; ఆచారము = అక్కడి ఫైళ్ళ రూపాన్ని, పేర్ల కట్టుబాట్లను; ఎఱిగియున్ = ఎరిగి కూడా (ఈ "కూడా" మీద వివాదం ఉంది, ముందు చూడండి); కట్టక + ఉన్నన్ = చేర్చి కట్టకపోతే; మూట = ఈఎక్స్ఈ ఫైలు; గడపన్ = గడపను; చొరదు = దాటి లోపలికి పోదు.

"పుట్టినింట వండి"

వంట పెద్దది, మాట చిన్నది. కవి "వండి" అని రెండక్షరాల్లో తేల్చేశాడు. ఇప్పటి ఉబుంటులోనో డెబియన్‌లోనో పని కూడా దాదాపు అంతే: ప్యాకేజీలు తెచ్చే ఏపీటీకి జీసీసీ-మింగ్‌డబ్ల్యూ-డబ్ల్యూ64 అనే క్రాస్ కంపైలర్ కావాలని చెబితే అదే తెచ్చి పెడుతుంది. మావాడు మాత్రం మొదట చేతితోనే కట్టాలని పట్టుబట్టాడు. ఇంజనీరింగు పిల్లలకు తేలిక దారి చూపిస్తే చిన్నబుచ్చుకుంటారు. వాడి పట్టుదల పుణ్యమా అని నాకు బీజాంకుర న్యాయానికి కొత్త ఉదాహరణ దొరికింది.

ఎలాగంటే, కంపైలర్‌కు పక్కన లిబ్‌జీసీసీ అనే చిన్న లైబ్రరీ ఉండాలి. ఆ లైబ్రరీ తయారు కావాలంటే విండోస్ తరపు సీ రన్‌టైం ఉండాలి. రన్‌టైం తయారు కావాలంటే దాన్ని కంపైల్ చేయడానికి కంపైలర్ ఉండాలి. విత్తు ముందా చెట్టు ముందా అని తార్కికులు వందల ఏళ్ళు కూర్చున్నారు. వీళ్ళు కూర్చోలేదు, కంపైలర్‌ను రెండు సగాలు చేశారు. ముందు బినుటిల్స్, అంటే అసెంబ్లరు, లింకరు. తరవాత విండోస్ హెడర్ ఫైళ్ళు. తరవాత జీసీసీలో మాట అర్థం చేసుకుని అనువదించే భాగం ఒక్కటే కట్టి ఆపాలి. ఆ అరకొర కంపైలర్‌తోనే రన్‌టైం కట్టాలి. అప్పుడు మళ్ళీ జీసీసీ దగ్గరికి వచ్చి మిగిలిన సగం పూర్తిచేయాలి. ఈ వరస తప్పితే ఎక్కడో మధ్యలో ఫలానా ఫైలు కనబడలేదని ఆగిపోతుంది. మా పాత ల్యాప్‌టాప్ ఫ్యాను మోతకు కింది వాటావాళ్ళు మిక్సీ వేశామనుకున్నారు.

వంట పూర్తయ్యాక చేతికి వచ్చిన కంపైలర్ పేరు ఇది: ఎక్స్86_64-డబ్ల్యూ64-మింగ్‌డబ్ల్యూ32-జీసీసీ. ఇంత పేరు చూసి జడవనక్కర్లేదు, ఇది సమాసం. మొదటి పదం ప్రాసెసరు జాతి. రెండోది తయారీదారు పేరుండాల్సిన చోటు. మూడోది ఆపరేటింగ్ సిస్టం. చివరిది కంపైలర్, అంటే రిచర్డ్ స్టాల్‌మన్ 1987లో మొదటిసారి లోకానికి వదిలిన జీసీసీ వంశాంకురం. 64 బిట్ల ప్రోగ్రాంలు చేసే కంపైలర్ పేరులో 32 ఎందుకుందని వ్యాకర్తలు అడుగుతారు. పాతరోజుల్లో పెట్టిన పేరు, అదే నిలిచిపోయింది. రూఢి అని వదిలేయాలి.

ఈ పేరు విని ఏమాత్రం తడబడనివాడు నాకు తెలిసినంతలో ఒక్క బేరింగుల కొట్టాయనే. "గిది మా దాంట్ల లేదా సార్? 6205-2ఆర్‌ఎస్ అంటె ఏమున్నది, చివరి 05ని ఐదుతోటి గుణిస్తె లోపటి బొక్క 25 మిల్లీమీటర్లు, 2ఆర్‌ఎస్ అంటె రెండు దిక్కుల రబ్బరు సీలు" అన్నాడు. పేరులోనే కొలతలన్నీ దాచుకునే పద్ధతి ఆయనకు అన్నం పెడుతోంది. రాణీగంజ్‌లో ప్రతి గుమాస్తా ఒక వ్యాఖ్యాతే అని నాకప్పుడే అనిపించింది.

శంక: ఇతరులు రాసిన ప్రోగ్రాంలను విండోస్ కోసం కట్టేటప్పుడు కాన్ఫిగర్ అనే స్క్రిప్టుకు గమ్యం చెప్పాలి. దానికి బిల్డ్, హోస్ట్, టార్గెట్ అని మూడు పేర్లు తెలుసు. ప్రోగ్రాం వెళ్ళాల్సిన చోటు విండోస్ గనక దాన్నే టార్గెట్ అనాలి కదా?

సమాధానం: అనకూడదు. ఇది చాలామంది పడే గొయ్యి. నా శంకకు మావాడు చాలాసేపు బొమ్మలు గీశాడు గానీ నాకు తెలిసింది వ్యాకరణంలోనే. బిల్డ్ అంటే పని జరుగుతున్న ఇల్లు. హోస్ట్ అంటే తయారైన వస్తువు నడిచే ఇల్లు. టార్గెట్ అనేది తయారైన వస్తువు తానే కంపైలర్ అయినప్పుడు మాత్రమే పుడుతుంది: ఆ కంపైలర్ చేసిపెట్టే ప్రోగ్రాంలు ఎక్కడ నడుస్తాయో అది టార్గెట్. "చేయు" క్రియకు హోస్ట్ చాలు. "చేయించు" అనే ప్రేరణార్థకానికే టార్గెట్ కావాలి. బేరింగుల లెక్క ప్రోగ్రాం లెక్క చేస్తుందే తప్ప ఎవరిచేతా ఏమీ చేయించదు. కాబట్టి దానికి విండోస్ హోస్ట్. క్రాస్ కంపైలర్‌నే కట్టేటప్పుడు మాత్రం విండోస్ టార్గెట్. ఈ భేదం తెలియనివాడికి చిన్నయసూరి పేపరులో పాసు మార్కులు రావు.

మూడు ఇళ్ళూ మూడు వేరువేరైతే? ఉదాహరణకు బన్సీలాల్‌పేట లైనక్స్‌లో కూర్చుని, విండోస్‌లో నడిచే కంపైలర్‌ను కడితే, అది ఏఆర్ఎం చిప్పున్న పెట్టెలకు ప్రోగ్రాంలు చేస్తే? దాన్ని కెనడియన్ క్రాస్ అంటారు. ఆ పేరు పెట్టిన రోజుల్లో కెనడాలో జాతీయ పార్టీలు మూడు ఉండేవట. ఇంతకు మించి అందులో రహస్యం లేదు.

"పొరుగింటి కంపెడి సారె"

సారె పోయేది అత్తింటికి, పొరుగింటికి కాదు. "పొరుగిల్లు" అనడం యతి కోసం కక్కుర్తి అని ఒక మిత్రుడు అన్నాడు. అది అల్పుల మాట. కవి హృదయం వేరు. మా ల్యాప్‌టాప్‌లో ఉన్నదీ కొట్టు కంప్యూటరులో ఉన్నదీ ఒకే జాతి ప్రాసెసరు. కూడమన్నా తీసివేయమన్నా ఇద్దరికీ అవే ఆజ్ఞలు. అంటే వంట దినుసులు ఒకటే, గోడ ఒకటే. ఒకే డిస్కులో గది చీల్చి రెండింటినీ పెట్టుకునేవాళ్ళూ ఉన్నారు. ఇంత దగ్గరై కూడా ఒకరింటి వంట ఇంకొకరు ముట్టరు. ఈ వైచిత్రిని పొరుగు అన్న మాటే పట్టిస్తుంది, అత్తిల్లు అంటే పట్టదు.

అసలు పొరుగింటి మొహమే చూడకుండా సారె కట్టిన కథ ఒకటుంది. 1975. ఆల్టెయిర్ 8800 అనే చిన్న కంప్యూటరు వచ్చింది, అందులో ఉన్నది ఇంటెల్ 8080. దానికి బేసిక్ భాష రాసిస్తామని బిల్ గేట్స్, పాల్ ఆలెన్ మాట ఇచ్చారు. వాళ్ళ దగ్గర ఆల్టెయిర్ లేదు. హార్వర్డ్‌లో పీడీపీ-10 అనే పెద్ద యంత్రం మాత్రం ఉంది. ఆ పెద్ద యంత్రం 8080లా నటించేలా ఆలెన్ ఒక ప్రోగ్రాం రాశాడు. ఆ నటన మీదే బేసిక్‌ను తయారుచేసి, కాగితపు టేపు మీద రంధ్రాలుగా కొట్టి, ఆలెన్ ఆల్బకర్కీకి విమానం ఎక్కాడు. టేపును యంత్రంలోకి ఎక్కించే చిన్న లోడరు రాయలేదని దారిలో గుర్తొస్తే విమానంలోనే రాశాడు. దిగి, అంతవరకు చూడని యంత్రంలో టేపు పెట్టి, రెండూ రెండూ ఎంత అని అడిగితే నాలుగు అన్నది. మైక్రోసాఫ్ట్ పుట్టిందే అలా, పరాయి యంత్రంలో వండి పంపిన సారెతో. ఆ కంపెనీకి 2014 నుంచి పెద్దగా ఉన్న సత్య నాదెళ్ళ చదివింది మా పక్కన బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో. పొరుగు అన్న మాటకు ఇంకే సాక్ష్యం కావాలి?

ఇంకొక్కటి. ప్రతి విండోస్ ప్రోగ్రాం ఫైలూ "ఎం" "జెడ్" అనే రెండు అక్షరాలతో మొదలవుతుంది. మన తాళపత్రాలకు శ్రీకారంలా అనుకోండి. అవి మైక్రోసాఫ్ట్‌లో పనిచేసిన మార్క్ జ్బికౌస్కీ పేరులోని పొడి అక్షరాలు. లైనక్స్ ఫైలుకైతే ఈఎల్ఎఫ్ అనే మూడక్షరాల ముద్ర వేరే ఉంది. బన్సీలాల్‌పేటలో, లైనక్స్ మీద, విండోస్ నీడ కూడా పడని గదిలో పుట్టిన మా బేరింగుల ప్రోగ్రాం నుదుట కూడా ఎంజెడ్ అనే ఉంది. కంపైలర్‌కు పొరుగింటి బొట్టు ఎలా పెట్టాలో కూడా తెలుసు.

"అచటి కొలత తెలిసి"

పద్యానికి ఇది గుండెకాయ. ఇక్కడ నిదానంగా చదవండి.

సీ భాషలో లాంగ్ అనే రకం అంకె ఉంది. 64 బిట్ల లైనక్స్‌లో దానికి 8 బైట్లు. 64 బిట్ల విండోస్‌లో దానికి 4 బైట్లే. పాత ప్రోగ్రాంలు చెడిపోకూడదని విండోస్‌వారు లాంగ్‌ను పాత కొలతలోనే ఉంచారు. యూనిక్స్ సంప్రదాయంవారు పెంచారు. రెండూ సబబే. ఒకే మాట, రెండు కొలతలు. శేరు అన్న మాటకు ఊరికో తూకం ఉన్న రోజులు నాకు బాగా గుర్తు, అందుకే నేను ఆశ్చర్యపోలేదు.

మావాడు సరుకు విలువను పైసల్లో దాచాడు. రూపాయలను దశాంశాల్లో దాస్తే అక్కడా ఇక్కడా పైసా తేడాలొస్తాయి, అది మంచి ఆలోచనే. దాచింది లాంగ్‌లో. నాలుగు బైట్లలో పట్టే అతి పెద్ద అంకె 2,14,74,83,647. పైసల్లో కనక రూపాయలకు మారిస్తే 2 కోట్ల 14 లక్షల 74 వేల 836 రూపాయల 47 పైసలు. అక్కడికి ఒక్క పైసా దాటితే అంకె గిరుక్కున తిరిగి మైనస్ 2 కోట్ల 14 లక్షల దగ్గర తేలుతుంది. ఇంట్లో పరీక్షించినప్పుడు అంతా సవ్యం. కొట్టులో నిజం సరుకు ఎక్కించేసరికి:

"ఏంది సార్ ఇది! కొట్టు నిండ సామానుంటె మైనస్‌ల చూపిస్తున్నది? జీఎస్‌టీ సారు చూస్తె ఏమంటడు?"

వంట ఇక్కడ చెడలేదు. కంపైలర్ తప్పు చేయలేదు, పల్లెత్తు హెచ్చరిక కూడా చేయలేదు. రెండు ఇళ్ళలోనూ వాక్యం వ్యాకరణశుద్ధమే. మందు ఏమంటే లాంగ్ అనే మాట మానేసి, ఎక్కడైనా 64 బిట్లే ఉండే ఇంట్64_టీ అని రాయడం. మావాడు ఫైలంతా వెతికి మార్చాడు. కొట్టు మళ్ళీ లాభంలోకి వచ్చింది.

"ఆచార మెఱిగియు"

ఆచారాల్లో కొన్ని నవ్వులాటవి. విండోస్‌లో పెద్దక్షరానికీ చిన్నక్షరానికీ ఫైలు పేరులో పట్టింపు లేదు, లైనక్స్‌లో ఉంది. అందుకని విండోస్‌వాళ్ళు రాసిన ప్రోగ్రాంలో హెడర్ పేరు పెద్ద డబ్ల్యూతో ఉంటే అక్కడ నడుస్తుంది, ఇక్కడ కంపైలర్ "అలాంటి ఫైలే లేదు" అంటుంది. మింగ్‌డబ్ల్యూ ఇచ్చిన హెడర్ పేర్లన్నీ చిన్నక్షరాలే. పంక్తి చివర విండోస్‌లో రెండు గుర్తులు, లైనక్స్‌లో ఒకటే. ఫైలును బైనరీగా తెరవమని చెప్పకపోతే కంట్రోల్-జెడ్ గుర్తు దగ్గర విండోస్ ఫైలు అయిపోయిందనుకుని చదవడం ఆపేస్తుంది. ఆక్స్, కాన్, ప్రన్, నల్ అని ఫైళ్ళకు పేర్లు పెట్టరాదు. డాస్ రోజుల్లో అవి పరికరాల పేర్లు, ఇప్పటికీ ఆ మడి వీడలేదు.

నన్ను నొప్పించినది మాత్రం ఒకటుంది. కొట్టాయన ముచ్చటపడి లెక్కల ఫైలుకు "సరుకు" అని తెలుగులో పేరు పెట్టమన్నాడు. లైనక్స్‌లో పెట్టాం, వచ్చింది. అక్కడ ఫైలు పేరంటే బైట్ల వరస, అంతే. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు మూడేసి చొప్పున "సరుకు"కు 15 బైట్లు. అదే ప్రోగ్రాం విండోస్‌లో నడిపితే ఫైలు పేరు తలమీద గీతలున్న "ఏ" అక్షరాలుగానూ డిగ్రీ సున్నాలుగానూ తయారైంది. కారణం విని నాకు రాత్రి నిద్ర పట్టలేదు. మామూలు ఎఫ్ఓపెన్ ఫంక్షన్ ఫైలు పేరును విండోస్ కోడ్‌పేజీ ప్రకారం, అంటే ఏ సంఖ్య ఏ అక్షరమో చెప్పే పట్టిక ప్రకారం చదువుతుంది. థాయికి కోడ్‌పేజీ 874, హీబ్రూకు 1255, వియత్నామీకి 1258. తెలుగుకు అలాంటి కోడ్‌పేజీ లేనే లేదు. 57005 అని ఒక సంఖ్య ఉంది గానీ అది ఇస్కీ అనే పాత సంకేత పద్ధతి నుంచి మార్పిడి చేసుకోవడానికి మాత్రమే, సిస్టంకు పెట్టుకోవడానికి పనికిరాదు. తెలుగు విండోస్‌లోకి అడుగుపెట్టింది 2001లో ఎక్స్‌పీతో, గౌతమి ఫాంటుతో. అప్పటికి లోకమంతా యూనికోడ్‌కు మారుతోంది, పాత కోడ్‌పేజీల గదిలో కొత్తగా ఎవరికీ కుర్చీ వేయలేదు. నన్నయనాటి భాషకు 874వ నంబరుపాటి కుర్చీ కూడా లేకపోయిందే అని నేను బాధపడుతుంటే, "కుర్చీ లేకపోవడమే మేలు మామయ్యా, నేరుగా యూనికోడ్ పంక్తిలోనే కూర్చున్నాం" అన్నాడు మావాడు. ఎఫ్ఓపెన్ బదులు పేరును యూటీఎఫ్-16లో తీసుకునే _డబ్ల్యూఎఫ్ఓపెన్ వాడాడు. "సరుకు" 10 బైట్లై, తెలుగులోనే వచ్చింది. విండోస్ 10లో 2019 నుంచి యూటీఎఫ్-8నే కోడ్‌పేజీగా ప్రకటించుకునే వీలు కూడా ఉంది.

ఈ ఆచారాలన్నీ ఎవరు తెలుసుకున్నారు? మావాడు కాదు. మింగ్‌డబ్ల్యూను 1998లో కోలిన్ పీటర్స్ మొదలుపెట్టాడు. అది, దాని నుంచి చీలి పెరిగిన మింగ్‌డబ్ల్యూ-డబ్ల్యూ64, రెండూ ఎక్కువగా స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళ చేతి చలవ. విండోస్‌లో ఏ ఫంక్షన్ ఏ పేరుతో, ఎన్ని ఆర్గ్యుమెంట్లతో ఉంటుందో పేజీలకు పేజీలు హెడర్ ఫైళ్ళుగా రాసిపెట్టారు. ఒకరింటి మర్యాదలన్నీ ఆ ఇంటివాళ్ళు కానివాళ్ళు కూర్చుని రాసి, ఉచితంగా పంచారు. క్రాస్ కంపైలర్ అంటే నిజానికి ఆ రాతకోతలే. కంపైలర్ ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది.

"ఎఱిగియుఁ గట్టకున్న మూట"

వివాదం ఇక్కడే. "తెలిసి, ఎఱిగియున్" అన్నది సముచ్చయం, కొలతా ఆచారమూ రెండూ తెలుసుకుని మూట కట్టాలి అని కవి పక్షం. "ఎఱిగియున్" అన్నది "ఎరిగి కూడా" అనే అర్థంలో వచ్చింది, అన్నీ తెలిసి కూడా కట్టడం మరిచిపోతే సారె గడప దాటదు అని వ్యాఖ్యాత పక్షం. కవి నేనే అయినా వ్యాఖ్యాతదే గెలుపు అంటాను. ఎందుకంటే జరిగింది అదే.

కొలతలు సరిచేశాక, సరుకు ఎప్పుడు ఎక్కించారో సెకన్లతో సహా నమోదు చేయడానికి మావాడు క్లాక్_గెట్‌టైం అనే ఫంక్షన్ వాడాడు. మింగ్‌డబ్ల్యూలో అది ఉండేది విన్‌పీథ్రెడ్స్ లైబ్రరీలో. ఆ లైబ్రరీ మా ల్యాప్‌టాప్‌లో ఉంది, కొట్టులో లేదు. పెన్‌డ్రైవు కొట్టుకు వెళ్ళింది. కాసేపటికి ఫోను:

"సార్, లిబ్‌విన్‌పీథ్రెడ్-1.డీఎల్ఎల్ లేదంటున్నది. గదేం సామాను? రాణీగంజ్‌ల దొరుకుతదా, లేకపోతె ఆర్పీ రోడ్ల దొరుకుతదా?"

లింకరు రెండు విధాలుగా పనిచేస్తుంది. "ఫలానాది అక్కడే తీసుకోండి" అని చీటీ రాసి పెట్టడం ఒకటి, ఆ వస్తువునే తెచ్చి మూటలో వేసి ముడివేయడం ఇంకొకటి. మొదటి పద్ధతిలో మూట తేలిక, కానీ పొరుగింట ఆ వస్తువు ఉంటేనే. కెర్నెల్32.డీఎల్ఎల్ లాంటివి ప్రతి విండోస్‌లోనూ ఉంటాయి, వాటికి చీటీ చాలు. జీసీసీ వెంట వచ్చేవి విండోస్‌లో ఉండవు. వాటిని లోపల వేసి ముడివేయడానికి లింకరుకు -స్టాటిక్ అని చెప్పాలి. ఫైలు కాస్త బరువెక్కుతుంది, ఎక్కనీ. సారె మూట బరువుగా ఉంటే తప్పు పట్టేవాళ్ళు లేరు.

కొందరు సైగ్విన్ పాఠాన్ని ఆదరిస్తారు. 1995లో సిగ్నస్ కంపెనీలో మొదలైన ఆ పద్ధతిలో సైగ్విన్1.డీఎల్ఎల్ అనే ఫైలు వెంటవెళ్ళి, విండోస్‌లో కూర్చుని యూనిక్స్ మర్యాదలు అభినయిస్తుంది. పుట్టింటి మనిషిని తోడు పంపడం వంటిది, కొత్తలో బాగుంటుంది. అర్వాచీనులు గో భాషలో రాసి, జీఓఓఎస్ విండోస్ అని ఒక్క మాట చెప్పి బిల్డ్ కొట్టి చేతులు దులుపుకుంటారు. పని జరుగుతుంది. వ్యాఖ్యాతలకే ఉపాధి పోతుంది.

"గడపఁ జొరదు"

గడప దగ్గర ఇంకో కాపలా కూడా ఉంది. నెట్ నుంచి దింపుకున్న, సంతకం లేని కొత్త ఈఎక్స్ఈ ఫైలును విండోస్ స్మార్ట్‌స్క్రీన్ ఆపి నీలం తెర చూపిస్తుంది. "మరింత సమాచారం" నొక్కితే గాని "అయినా నడుపు" అన్న బొత్తాం కనబడదు. చాలా మెయిల్ సేవలు ఈఎక్స్ఈ ఫైలును మోయనే మోయవు. మేము పెన్‌డ్రైవుతో నడిచి వెళ్ళాం. బన్సీలాల్‌పేట నుంచి రాణీగంజ్‌కు అదే దగ్గర దారి.

తాత్పర్యము

ఒక యంత్రంలో కూర్చుని మరో ఆపరేటింగ్ సిస్టంకు ప్రోగ్రాం తయారుచేయడం పుట్టింటి నుంచి సారె పంపడం వంటిది. అక్కడి అంకెల కొలతలు, ఫైళ్ళ కట్టుబాట్లు తెలుసుకోవాలి. తెలిసి కూడా, అక్కడ దొరకని లైబ్రరీలను మూటలో చేర్చి కట్టకపోతే ప్రోగ్రాం తెరుచుకోదు. నాలుగు పాదాల పద్యంలో వంటకు వచ్చింది ఒక్క మాట. మిగిలినదంతా పొరుగింటి గురించే. కవికి నిష్పత్తి బాగానే తెలుసని వ్యాఖ్యాత తీర్పు.

చదువరులకు ఒక మనవి. మీరూ లైనక్స్‌లో కట్టి విండోస్‌వాళ్ళకు పంపేవాళ్ళైతే, పెన్‌డ్రైవు జేబులో వేసుకునే ముందు ఆబ్జ్‌డంప్ అనే పనిముట్టుకు -పీ చెప్పి ఆ ఫైలు అడుగుతున్న డీఎల్ఎల్‌ల పేర్లు చదవండి. కెర్నెల్32, ఎంఎస్‌వీసీఆర్‌టీ వంటి విండోస్ సొంత పేర్లు తప్ప, లిబ్‌తో మొదలయ్యే పేరు ఒక్కటి కనబడినా ముడి విప్పి -స్టాటిక్‌తో మళ్ళీ కట్టండి. ఆ డీఎల్ఎల్‌లు రాణీగంజ్‌లో దొరకవు.